ఎడమ చక్రం షాకు

నా భార్యను చంపింది ఆమె తమ్ముడు.

మొదటినుంచి చదువుతున్నవాళ్లకు ఈ మాట కొత్త కాదు. ఈ వారమే పత్రిక పట్టుకున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను.

నా పేరు గంగులప్ప. మదనపల్లె టమాటా మండీలో ముప్పై ఏళ్లు కాటా వేశాను. నా భార్య నాగవేణి మూడేళ్ల కిందట పుష్యమాసంలో, తెల్లవారిన కాసేపటికి, హార్సిలీ కొండ మలుపులో కారుతో సహా కింద పడింది. అది రెండు సీట్ల కారు. పచ్చరంగు. పైకప్పు మడిచి పెట్టుకోవచ్చు. అరవై నాలుగులో ఇంగ్లండులో తయారైన ఎం.జి. ఆ దేశం నుంచి వచ్చిన కంటి డాక్టరమ్మ తిరిగి పోతూ దాన్ని తన డ్రైవరు దొడ్డప్పకు ఇచ్చింది. దొడ్డప్ప నా మామ. ఆయన దాన్ని కొడుక్కి ఇవ్వలేదు, కూతురికిచ్చాడు. కొడుకు మునిశేఖర్‌కు పుంగనూరులో మెకానిక్ షెడ్డు ఉంది. ప్రమాదానికి రెండు నెలల ముందు ఆ కారు ముందరి షాకులు, అంటే చక్రాల కుదుపు ఆపేవి, విప్పి బిగించింది వాడే. డ్రైవింగులో పొరపాటు అని పోలీసులు రాసుకున్నారు. నాగవేణి ఆ కొండ మీదే డ్రైవింగు నేర్చుకుంది. ఏటా తండ్రి పోయిన రోజున ఒక్కతే ఎక్కి దిగేది. ఆ మలుపులు ఆమెకు వంటిల్లులాంటివి.

నా కూతురు మమత అంగళ్లు ఊరి కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. మూడేళ్లుగా తన జీతంతో ఆ కారును ఒక్కో ముక్కా బాగు చేసుకుంటూ వచ్చింది. ముందరి షాకులు రెండే మిగిలాయి. అవి పడితే వాళ్లమ్మ పోయిన రోజున అదే కొండ ఎక్కుతానంది. పోయిన వారం అక్కడ ఆపాను.

ఆమెను ఆపడం నా వల్ల కాలేదు. అందుకని ఒక షరతు పెట్టాను. షాకులు నేను చూసి ఎంచుతాను. మునిశేఖర్ చెయ్యి పడిన ముక్క ఒక్కటి కూడా ఆ కారులో ఉండకూడదు. సరే అంది. భార్య పోయిన చోట కూతురు కూడా పోకూడదు. ఈ వయసులో నాకున్న పని అదొక్కటే.

ఇంగ్లండు నుంచి కొత్తవి తెప్పించాలంటే ఆమె జీతం చాలదు. తక్కువలో దొరికేవి వెతకాలి. మాదిరి కోసం పాతది ఒకటి గోనెసంచిలో వేసుకున్నాను. ప్రమాదం జరిగిన ఆరో రోజున, పడిన కారును తెచ్చి పెట్టిన మునిశేఖర్ షెడ్డు నుంచి నేను లాక్కొచ్చిన ఎడమ చక్రం షాకు అది. కుడిదాన్ని వాడు మాయం చేశాడు. ఎడమది మాత్రం మూడేళ్లుగా నా మంచం కింద ఉంది. ఇటుకంత అల్యూమినియం డబ్బా, పక్కన ఇనుప చెయ్యి. లోపల నూనె ఉంటుంది. చక్రం ఎగిరినప్పుడు ఆ నూనె చేతిని నెమ్మదిగా కదలనిస్తుంది. డబ్బా మూత మీద నాలుగు మరలు, ఒక్కో మర మీద ఒక్కో ఎర్రటి చుక్క. ఆ చుక్కలు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. వాడు తప్పు చేసి గుర్తు కూడా పెట్టుకున్నాడనుకునేవాణ్ణి.

మదనపల్లెలో మొదట బెంగుళూరు రోడ్డులోని మునిరాజ స్పేర్ పార్టుల అంగడికి పోయాం. టమాటా పికప్పుల వాళ్లంతా అక్కడికే పోతారు. మునిరాజ సంచిలోకి తొంగి కూడా చూడలేదు. పికప్పుకు వేసే పొడుగాటి షాకులు రెండు తీసి బల్ల మీద పెట్టాడు. రెండు టన్నుల లోడేసినా వీటి నడుం వంగదన్నాడు.

మమత ఓపికగా చెప్పింది. ఇద్దరు కూర్చున్నా ఈ కారు బరువు ఒక టన్ను. రెండు టన్నులకు గట్టి చేసినవి వేస్తే ప్రతి గుంతకూ చక్రం నేల వదిలి ఎగురుతుంది. పైగా ఈ కారులో షాకు ఇనుప చెయ్యే చక్రాన్ని పైనుంచి పట్టుకుని ఉంటుంది. దాన్ని తీసేసి ఇంకోటి వేలాడదీసే వీలు లేదు.

మునిరాజ తల ఊపుతూ విన్నాడు. అంతా విని లోపలికి పోయి ఇంకో జత తెచ్చాడు. ఏ కారువైనా ఇవీ చెయ్యి ఉన్న షాకులే కదా అన్నాడు. అట్టపెట్టె మీద ఏదో విదేశీ పేరు అచ్చేసి ఉంది. ఒకటి బయటికి తీసి బొటనవేలితో గట్టిగా రుద్దాను. వేలికి నల్ల రంగు అంటింది. రంగు కింద తుప్పు. ఏ తుక్కు బండికో విప్పినవాటికి రంగు పూసి పెట్టెలో పెట్టాడు. వేలు చూపించాను.

"రంగు కొత్తదే గదప్పా," అన్నాడు.

కుళ్లిన కాయలు అడుగున పోసి పైన ఎర్రటివి పేర్చి తెచ్చే రైతులను మండీలో చూశాను. పట్టుకుంటే వాళ్లు కనీసం తల దించుకునేవాళ్లు. వీడు టీ తాగుతారా అని అడిగాడు. వాడి బిల్లు పుస్తకానికే వేలు తుడిచి బయటికి వచ్చాను.

మరుసటి రోజు పొద్దున్నే పుంగనూరు బస్సెక్కాం. పుంగనూరులో లేతు పనికి గంగులయ్య అని ఒకాయన పేరున్నవాడు. ఆయన అంగడికి రెండు గడపల అవతలే మునిశేఖర్ షెడ్డు. అటువైపు చూడకుండా నడిచాను.

గంగులయ్య మొదట ఉత్సాహపడ్డాడు. బుల్లెట్ మోటారు సైకిలు వెనక షాకులు రెండు తెచ్చి, బ్రాకెట్లు వెల్డింగు చేసి నిలబెడతానన్నాడు. మొన్న ఒక ఆటోకు అట్లానే చేశాడట. ఆ ఆటో ఇప్పుడెక్కడుందని అడిగాను. అమ్మేసినారన్నాడు. ఎందుకు అమ్మారని అడిగితే నవ్వాడు. నేను నవ్వలేదు. మమత నేల మీద సుద్దముక్కతో బొమ్మ గీసి, ఇనుప చెయ్యి కోసేస్తే చక్రం నిలబడదని చూపించింది. ఆయన బొమ్మను చాలాసేపు చూశాడు.

"అట్లయితే నా చేత కాదమ్మా," అన్నాడు. కుప్పంలో గోవిందరాజులు అని ఒక ముసలాయన ఉన్నాడనీ, ఇలాంటి చెయ్యి షాకులు చూడగలిగినవాడు ఈ చుట్టుపక్కల ఆయనొక్కడేననీ చెప్పాడు. రెండు రోజుల్లో నేను విన్న మొదటి నిజం అది.

మేం లేచేసరికి గుమ్మంలో మునిశేఖర్ నిలబడి ఉన్నాడు. చేతులు గుడ్డపీలికతో తుడుచుకుంటున్నాడు. మూడేళ్లలో జుట్టంతా నెరిసింది. నెరవనీ. వాడి కళ్లు ముందు సంచి మీద పడ్డాయి, ఆ తర్వాతే నా మీద.

"కుప్పం పోతాండారా బావా?"

నేను సంచి భుజాన వేసుకున్నాను.

"పోండి. ఆయన పనిమంతుడు. ఆ సంచి మాత్రం ఈడ పెట్టి పోండి. కొలతలన్నీ నేను రాసిస్తా."

నేను గంగులయ్య వైపు తిరిగి, ఈయనకు ఈ సంచి మీద అంత ప్రేమ ఎందుకో అడగమన్నాను. గంగులయ్య లేతు మిషను వైపు చూస్తూ నిలబడ్డాడు. మునిశేఖర్ ఒక అడుగు ముందుకు వేశాడు. గొంతు తగ్గించాడు.

"నన్ను ఎన్ని తిట్లన్నా తిట్టు బావా. దాన్ని మాత్రం తెరిపించొద్దు."

మూడేళ్లుగా నేను ఎదురుచూసిన మాట అది. పోలీసుల ముందు అననిది, పెద్దమనుషుల ముందు అననిది, ఈ రోజు నా కూతురి ఎదుట వాడే అన్నాడు. దాన్ని తెరిపించాలని అక్కడే నిర్ణయించుకున్నాను. మమత కళ్లముందే తెరిపించాలి. ఇక మామ అనే మాట ఆమె నోట రాకూడదు. వాడి గడప ముందు ఉమ్మేసి బస్టాండుకు నడిచాను.

బస్సులో సంచి ఒళ్లో పెట్టుకున్నాను. పలమనేరు దాటాక మమత కిటికీలోంచి చూస్తూ అంది.

"మామ భయపడినట్టు లేడు నాయనా. నిన్ను బతిమాలుకున్నట్టుండాది."

నోరు మూసుకొని కూర్చోమన్నాను. కూర్చుంది.

గోవిందరాజులు ఇల్లు కుప్పంలో రైలు పట్టాల పక్క వీధిలో ఉంది. కోలారు గనులు మూతపడేదాకా అక్కడి వర్క్‌షాపులో పనిచేశాడట. డెబ్బై దాటిన మనిషి. వసారాలో చెక్క బల్ల, దాని మీద పట్టకారు. గోడకు పనిముట్లు వరుసగా తగిలించి ఉన్నాయి. ఆయన ముందు సరుకు చూపించలేదు. ప్రశ్నలు అడిగాడు. కారు బరువెంత, ఏ కొండ, మలుపులు ఎన్ని, ఎంతమంది కూర్చుంటారు, ఏ కాలంలో ఎక్కుతారు. ఇంతదాకా ఎవరూ ఇవి అడగలేదు. ఆయన మీద నాకు కోపం రాలేదు. నాకది అరుదు.

"తక్కువలో కావాలంటే కొత్తవి వెతికేది యాలమ్మా," అన్నాడు మమతతో. "దీనికి మంచి షాకు దీని పాత షాకే. లోపల బాగుచేసుకుంటే ఇంకో ముప్పై ఏండ్లొస్తాది. కుడిపక్కది నా దగ్గర ఉండాది. ఎడమది తెచ్చినారా?"

సంచి విప్పి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని మూత మీదికి వంగాడు. ఎర్ర చుక్కల మీద గోరు ఆనించాడు.

కిటికీ గూట్లోంచి ఒక చిన్న సీసా తీసి షాకు పక్కన పెట్టాడు. ఆడపిల్లలు గోళ్లకు వేసుకునే రంగు. అదే ఎరుపు.

"మనవరాలిది ఈ రంగు. నేను మూసిన ప్రతి మర మీదా ఒక చుక్క పెడతా. ఎవురన్నా తిప్పితే చుక్క పగులుతాది. ఇవి పగల్లేదు. దీన్ని మూసింది నేనే అప్పా."

ఎవరు తెచ్చారని అడిగాను. మునిశేఖర్ అన్నాడు. యాక్సిడెంటు జరిగిన నాలుగో రోజున తెచ్చాడనీ, ఇద్దరూ కలిసి తెరిచి చూసి మళ్లీ మూశారనీ, ఇంకెవరికీ తెరవనని తన దగ్గర మాట తీసుకున్నాడనీ చెప్పాడు. కుడిది బాగానే ఉందని తన దగ్గరే పెట్టి పోయాడట. ఆ కుడిదే ఈ రోజు మాకు ఇస్తానంటున్నది.

నాలుగో రోజున తెరిచాడు. ఆరో రోజున నేను లాక్కొచ్చాను. మధ్యలో రెండు రోజులు. తప్పు కప్పిపెట్టడానికి అది చాలు. నా లెక్క సరిపోయింది. తెరవమన్నాను.

ఆయన మమతను చూశాడు. నన్ను చూశాడు.

"నువ్వు ఈయమ్మ నాయనవేనా?"

అవునన్నాను.

"అట్లయితే మనం లోపలికి పోదాము. ఈయమ్మ ఈడ కూర్చోనీ."

ఇక్కడే తెరవమన్నాను. ఆమె చూడాలన్నాను. ఆయన స్క్రూడ్రైవరు తీసి మరలు తిప్పాడు. నాలుగు చుక్కలూ పగిలాయి. మూత ఊడలేదు. సన్నటి ఉలి పెట్టి తట్టాడు, ఊడింది.

లోపల నూనె లేదు. ముదర పాకం లాంటిది గోధుమరంగులో గడ్డ కట్టి ఉంది. వాసన వచ్చింది. మమత వంగి చూసింది. ముక్కు దగ్గరికి తీసుకోనక్కర లేకపోయింది. ఆమె చిన్నప్పుడు ప్రతి ఆదివారం వాళ్లమ్మ ఆమె తలకు పట్టించిన వాసనే అది.

"ఆముదం," అంది.

గోవిందరాజులు ఒక పుల్లతో ఆ జిగట పక్కకు తోశాడు. అడుగున లోహం తళతళలాడింది. పని చూడమన్నాడు. ఇనుప చెయ్యి తిరిగే చోటి బుష్షు ఇత్తడిది, మునిశేఖర్ చేత్తో అరగదీసి కూర్చాడు. నూనె కారకుండా వేసే సీళ్లు కొత్తవి. ఈ వయసులో తన చేత కూడా అంత పని కాదన్నాడు.

"దీంట్లో తప్పు ల్యా. తప్పు పోసిన నూనెలో ఉండాది. గానుగ ఆముదం, మడ్డితో సహా పోసినారు. మడ్డి పోయి సన్న రంధ్రంలో కూర్చుంటాది. కొండ మీద చలికి అంతా బిగుసుకుంటాది. ఎడమది రాయి మాదిరి అయిపోయింది, కుడిది బాగా ఆడతాండాది. మలుపులో చక్రం లేస్తే ఇంగ ఎవురు పట్టుకుంటారు?"

వాడు షాకులు బిగించిన వారానికి, కార్తీకంలో ఒక మధ్యాహ్నం. కారు మా ఇంటి ముందు నిలిచి ఉంది. ఎడమ షాకు కొద్దిగా చెమర్చింది. దానికి పోసే పల్చటి నూనె డబ్బా మునిశేఖర్ దగ్గరే ఉంది. తగ్గితే షెడ్డుకు తెమ్మనీ, తానే పోస్తాననీ, ఇంకేదీ పోయొద్దనీ చెప్పి ఉన్నాడు. మళ్లీ మళ్లీ తన షెడ్డుకు తిప్పుకోవడానికే అట్లా చెబుతున్నాడనుకున్నాను. కొత్త అల్లుడిగా ఉన్న రోజుల్లో, నూనె దొరకని ఏడు, మామ దొడ్డప్ప ఈ షాకులోనే ఆముదం పోయడం చూశాను. అది ఆసుపత్రిలో దొరికే తేట ఆముదం. గుడ్డలో వడగట్టి పోశాడు. ఆ పొద్దు నాకు ఆముదం ఒకటే గుర్తుకొచ్చింది, వడగట్టడం గుర్తుకు రాలేదు. తంబళ్లపల్లె నుంచి నా అక్క ఏటా పంపే ఆముదం సీసా అటక మీద ఉంది. కాగితం గరాటు చుట్టి పోశాను. ఎడమదానికి మాత్రమే. ఏం చేస్తున్నావని నాగవేణి లోపలినుంచి అడిగింది. ఏం లేదన్నాను.

ఇది నేను మరిచిపోయింది కాదు. ఆ మధ్యాహ్నాన్నీ ఆ మలుపునూ ఒక కాటాలో పెట్టి చూడలేదు, అంతే. ముప్పై ఏళ్లు ఊరందరి బరువులూ తూచినవాణ్ణి.

ఇదంతా ఎందుకు దాచారని గోవిందరాజులును మమత అడిగింది. ఆయన రంగు సీసా మూత తిప్పి బిగించాడు.

"మునిశేఖర్ ఒకటే అన్నాడమ్మా. అక్క ఎట్లాగూ పోయింది, మా బావకి ఇప్పుడు మిగిలింది నా మీద కోపం ఒకటే, దాన్ని పట్టుకోని అన్నా బతకనీ అన్నాడు."

నాకు కన్నీళ్లు రాలేదు. రోత పుట్టింది. మునిరాజ అంగడిలో వేలికి అంటిన రంగు కంటే ఎక్కువ రోత. మూడేళ్లు వాడి గడప ముందు ఉమ్మేశాను. వాడు నీళ్లు పోసి కడుక్కున్నాడు. పెళ్లిళ్లకు రానివ్వలేదు. కర్మకాండకు రానివ్వలేదు. వాడు తల వంచుకుని పోయాడు. నేను వాడిని శిక్షిస్తున్నాననుకున్నాను. వాడు నాకు తిండి పెడుతున్నాడు. ఇన్నాళ్లూ నేను తిన్న కోపం వాడు విస్తట్లో వేసింది. నా మీద జాలి పడమని వాడిని ఎవరడిగారు? తప్పు చేశాడన్నంత కాలం వాడిని భరించాను. చెయ్యలేదన్న ఈ క్షణం నుంచి భరించలేను.

మమత జిగట అంటిన పుల్లను చూస్తూ నింపాదిగా అంది. అమ్మకు ఈ కారులో ఏ నూనె పోయాలో తెలుసు. మామ దగ్గర అత్త పంపే సీసా లేదు. ఇద్దరి పేర్లూ కొట్టేసింది. మూడో పేరు చెప్పలేదు. నా వైపు చూడనూ లేదు.

గోవిందరాజులు వైపు తిరిగింది.

"దీన్ని కడిగి ఇయ్యండి. మామ ఏసిన బుష్షు తియ్యొద్దు. నా కారుకి ఇదే కావాల."

షరతు ఏమైందని అడగడానికి నోరు తెరిచాను.

అప్పుడు ఆమె ఫోను మోగింది. తెర మీద మామ అని కనిపించింది. ఆమె ఎత్తి, గొంతు అందరికీ వినపడేటట్టు నొక్కి, బల్ల మీద షాకు పక్కన పెట్టింది.

"పాపా, సంచి ఇప్పినారా?"

పట్టాల మీద గూడ్సు బండి పోతోంది. అది పోయేదాకా వాడు అవతల ఆగాడు.

"బావా, ఆడ ఉండావా? నేను పుంగనూరు బస్టాండులోనే కూర్చోనుంటా. ఎంత పొద్దయినా సరే. దిగు బావా."

కుప్పం నుంచి మా ఊరికి పోయే బస్సు పుంగనూరు మీదుగానే పోతుంది.

మూత బిగించి మళ్లీ చుక్కలు పెట్టమని గోవిందరాజులుకు చెప్పాను. ఆయన రంగు సీసా అందుకోబోయాడు. మమత తన అరచేతిని ఆ సీసా మీద బోర్లించింది. తియ్యమన్నాను. తియ్యలేదు. ఫోనులో వాడి ఊపిరి వినపడుతోంది.

"ఈ నూనె మాట నేను మళ్లా ఎత్తను," అన్నాను, ముగ్గురికీ వినపడేటట్టు. "మీరూ ఎత్తొద్దు. ఈ పొద్దు గాదు, రేపు గాదు, నేను సచ్చేదాకా."